జీరో లోయలో నల్లని ముక్కు బిళ్ళలు

అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయకు మేము వరిమళ్ళ అందం కోసం కాక, అపతానీ తెగ అవ్వలు రెండు ముక్కుపుటాలకూ పెట్టుకునే ‘యాపింగ్ హుల్లో’ అనే చెక్క బిళ్ళలను చూడాలన్న కోరికతో వెళ్ళాము. గౌహతిలో రాత్రి దోన్యీ పోలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారాక నాహర్లగున్‌లో దిగి, షేర్ సుమోలో దాదాపు 100 కిలోమీటర్ల కొండదారి దాటి జీరో లోయలోని పట్టణం హపోలీ చేరాము. అరుణాచల్‌లోకి వెళ్ళడానికి కావలసిన అనుమతి పత్రం ఇన్నర్ లైన్ పర్మిట్‌ను ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నందున ఇబ్బంది కలగలేదు గానీ, సుమోలో వెనుక వరుసకు ఒప్పుకోవడం మాత్రం మా పొరపాటే.

హపోలీలో దిగిన హోటల్ గది శుభ్రంగానే ఉన్నా, ఇస్తామన్న వేడినీళ్ళు ఉదయం ఎనిమిది దాటితే గాని రాలేదు. మర్నాడే హోంగ్ గ్రామంలోని ఒక వెదురింటికి మారాము. అద్దె ఎక్కువే, పొగకు కళ్ళు మండాయి కూడా. అయినా పొయ్యి చుట్టూ చేరి, మొక్కల బూడిద నుంచి తీసే ‘తప్యో’ ఉప్పు రుచి చూసే భాగ్యం హోటల్లో దొరకదు.

ఆ ఇంటి అవ్వ నుదుటి నుంచి ముక్కు కొన దాకా ఒక నిలువు గీత, గడ్డం మీద మరికొన్ని గీతలు పచ్చబొట్టుగా ఉన్నాయి. దీన్ని ‘తిప్పెయ్’ అంటారు. ముక్కు బిళ్ళలు పాత రూపాయి బిళ్ళంత ఉండి, పొగచూరిన దూలంలా నల్లగా మెరుస్తున్నాయి. చిన్నప్పుడు సన్నని పుల్లతో మొదలుపెట్టి, క్రమంగా పెద్దవి మారుస్తూ బెజ్జాన్ని సాగదీశారని ఆమె మనవడు హిందీలో వివరించినప్పుడు, కమ్మల కోసం చెవుల్లో తాటాకు చుట్టలు పెట్టుకున్న మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. శత్రువులు ఎత్తుకుపోకుండా వికారంగా కనిపించడానికే ఇవి పెట్టేవారని గైడ్లు చెప్పే కథను ప్రస్తావిస్తే ఆమె నవ్వి, తమ కాలంలో ఇదే అందమని చేతితో ముఖమంతా చూపించింది. 1970ల తొలినాళ్ళలో అపతానీ యువకులే ముందుండి ఈ ఆచారాన్ని మాన్పించారు. కనుక యువతుల ముఖాలపై వెతకడం వృథా. మగవారు నుదుటిపైన జుట్టు ముడివేసి అడ్డంగా గుచ్చుకునే ఇత్తడి పుల్లను కూడా ఒకే ఒక తాత దగ్గర చూడగలిగాము.

తెలంగాణ పాఠకులకు ఒక మాట: అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండుల మధ్య జీవించిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, 1944-45లో ఈ అపతానీల మధ్య కూడా పనిచేశాడు.

గ్రామంలో స్థానిక గైడ్‌ను పెట్టుకోవడానికి వెచ్చించిన డబ్బు వృథా కాలేదు. అడగకుండా కెమెరా ఎత్తిన మా సహప్రయాణికుణ్ణి చూసి ఒక అవ్వ తలుపు వేసేసుకుంది. గైడ్ ముందుగా పలకరించిన ఇళ్ళలో మాత్రం వారే అరుగు మీద కూర్చోబెట్టారు. ఫోటోకు కొందరు డబ్బు అడిగారు, ఇచ్చాము. తిరుగు ప్రయాణంలో ఈటానగర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియం కూడా చూశాము. అరుణాచల్ తెగల నగలు ఒకే చోట కనిపిస్తాయి గనుక వెళ్ళదగినదే, కానీ జీరో కంటే ముందు కాదు. అవ్వ ముఖం చూసి వచ్చిన మాకు అక్కడ అద్దాల వెనుక నగలు ఎవరో తీసి మరచిపోయిన వస్తువుల్లా అనిపించాయి.