గుమ్మడికి నాలుగు ఇళ్లు: ఐదు కిలోల కుందేలుకు ఏది నిలిచింది

మా కుందేలు పేరు గుమ్మడి. బూడిద రంగు, గుండ్రటి వీపు. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే అచ్చం బూడిద గుమ్మడికాయే. బరువు 5 కిలోల 200 గ్రాములు. వీధి చివరి కిరాణా కొట్టు కాటా మీద గోనెసంచిలో కూర్చోబెట్టి, సంచి బరువు తీసేసి చెబుతున్న లెక్క ఇది. "కిలో ఎంతకిస్తారు మాస్టారూ?" అని కొట్టాయన అడిగాడు. ఆ తరువాత రెండు నెలలు నేను ఆ కొట్టుకు వెళ్లలేదు.

ఈ నాలుగున్నరేళ్లలో దానికి నాలుగు ఇళ్లు మార్చాను. మొదటి మూడింటికి తగలేసిన డబ్బు నాలుగోదానికి అయిన ఖర్చుకు రెట్టింపు. ఇప్పుడున్నదాన్ని ఇల్లు అనడం కూడా కష్టమే. శ్రీకాకుళంలో నాగావళికి కూతవేటు దూరంలో మాకు ఒక పాత ఇల్లుంది. దాని వరండాలో ఒక మూల రెండువైపులా గోడలు, మిగతా రెండువైపులా కుక్కపిల్లల కోసం అమ్మే ఇనుప మడత కంచె. అంతే. మూడున్నరేళ్లుగా గుమ్మడి అందులోనే ఉంది. పెద్ద కుందేలు ఉన్నవాళ్లు బోను కొనబోయే ముందు ఇది చదివితే కొంత డబ్బు మిగులుతుందని రాస్తున్నాను.

గుమ్మడి మాకు 2021 జనవరిలో వచ్చింది. ఆమదాలవలస వైపు కుందేళ్ల ఫారం పెట్టిన ఒక మిత్రుడు గిట్టుబాటు కాక మూసేస్తూ, దీన్ని బోనుతో సహా ఎనిమిది వందలకు ఇచ్చాడు. గ్రే జెయింట్ అన్నాడు. జాతి సంగతి ఎలా ఉన్నా, సోవియట్ చించిల్లా, న్యూజిలాండ్ వైట్, గ్రే జెయింట్ లాంటి మాంసం జాతులన్నీ ఎదిగితే నాలుగైదు కిలోలు తూగుతాయి. అరచేతిలో పట్టే పిల్లను చూసి మురిసిపోయేవాళ్లు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

ఫారం బోను రెండున్నర అడుగుల పొడవు. అడుగున తీగల జాలీ, పెంటికలు కిందికి రాలిపోతాయి. శుభ్రం చేయడం ఎంత సులువో అని నేను కూడా సంబరపడ్డాను. ఆ సులువు ఎవరి కోసమన్నది ఏప్రిల్‌లో అర్థమైంది. గుమ్మడి ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తి కూర్చుంటోంది. తిప్పి చూస్తే వెనక పాదాల మడమల దగ్గర బొచ్చు ఊడిపోయి చర్మం ఎర్రగా కందింది. పశువైద్యుడు మందు కన్నా ముందు బోను అడుగు చూపించమన్నారు. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తటి దిండు ఉండదట, ఉన్నదంతా బొచ్చే. ఐదు కిలోల బరువు సన్నని తీగ మీద రోజంతా ఆనితే ఆ బొచ్చు ఎన్నాళ్లు ఆగుతుంది? ఫారంలో మాంసానికి పెంచేవి మూడు నెలలకు రెండు కిలోలై వెళ్లిపోతాయి కాబట్టి వాటి మడమలు పుండు పడేదాకా ఉండవు. మనం ఏడెనిమిదేళ్లు బతకాలని పెంచుకునే జంతువుకు అదే బోను పెట్టడం ఏమి న్యాయం?

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించిన బోను, రూ.3,400. పెద్ద కుందేళ్లకు అని రాసి ఉంది. ప్లాస్టిక్ అడుగు, మూడు అడుగుల పొడవు. గుమ్మడి ఒళ్లు విరుచుకుంటే ముక్కు ఒక గోడకు, తోక ఇంకో గోడకు తగిలేది. పన్నెండో రోజుకు ప్లాస్టిక్ అంచు కొరికేసింది. దీని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

అప్పుడు తట్టింది మంచి ఆలోచన అనుకున్నది: వడ్రంగి చేత చెక్క ఇల్లు. మామిడి చెక్క చట్రం, ప్లైవుడ్ అడుగు, కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు, మధ్యలో ఏటవాలు బల్ల. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రూ.9,500. చూడటానికి బొమ్మరిల్లులా ఉండేది. వచ్చినవాళ్లందరూ ఫోటోలు తీసుకున్నారు. పై అంతస్తు ఎత్తు చాలదని, బల్ల మరీ నిటారుగా ఉందని నేను అంటే, కుందేలు అంటే ఎగిరే జంతువు కదండీ అన్నాడు మేస్త్రి. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నా కుందేలుకు నాలుగున్నాయి, అందులో రెండు పుళ్లు పడి ఉన్నాయి. ఆ బల్ల మీద గుమ్మడి రెండుసార్లు జారింది, మూడోసారి ప్రయత్నించలేదు. అలా పై అంతస్తు మా ఆవిడ ఉల్లిపాయలు ఆరబెట్టుకోవడానికి పనికొచ్చింది.

చెక్క ఇంటి అసలు శత్రువు మూత్రం. కుందేలు మూత్రంలో కాల్షియం ఎక్కువ. ఎండితే సున్నం పూసినట్టు తెల్లటి పెచ్చు కడుతుంది. సబ్బుకు లొంగదు, వెనిగర్ పోసి పావుగంట నాననిస్తే వస్తుంది. పలక మీదైతే సరే, ప్లైవుడ్‌లోకి ఇంకినదాన్ని ఏం చేస్తాం? మన ఉక్కకు, ఆ తడికి అడుగు చెక్క రెండు నెలల్లో అప్పడంలా ఉబ్బింది. తలుపు తెరిస్తే కళ్లు మండే ఘాటు. మనకే అలా ఉంటే, ఆ ఘాటులోనే ముక్కు పెట్టుకుని ఉండే ప్రాణికి ఎలా ఉంటుంది? కుందేళ్లకు ఊపిరితిత్తుల జబ్బులు రావడానికి ఈ గాలి కూడా దారి తీస్తుంది. వానాకాలానికి కాళ్ల దగ్గర చెదలు కూడా మొదలయ్యాయి.

ఇక వేసవి. ఆ చెక్క ఇంటిని మొదట పెరట్లో సిమెంటు రేకుల పంచ కింద పెట్టాం, నీడే కదా అని. 2021 మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటితే కరోనా కర్ఫ్యూ. రెండింటికి చూస్తే గుమ్మడి పక్కకు ఒరిగిపోయి, ముక్కు తడిసి, రొప్పుతోంది. చెవులు పట్టుకుంటే కాలుతున్నాయి. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవడానికి దారి ప్రధానంగా చెవులే. ముప్పై డిగ్రీలు దాటినప్పటి నుంచే దానికి కష్టం మొదలవుతుంది, మనకు అది మామూలు ఉదయం. వైద్యుడు ఫోనులో చెప్పినట్టు ఇంట్లోకి తెచ్చి, మామూలు నీళ్లలో తడిపిన గుడ్డతో చెవులు తుడుస్తూ ఫ్యాను కింద కూర్చోబెట్టాం. ఐసు నీళ్లు పోయొద్దన్నారు. సాయంత్రానికి లేచి గరిక కొరికింది. ఆ రోజే రేకుల కింద నుంచి వెనక గుమ్మం పక్కకు, వేపచెట్టు నీడకు ఇంటిని ఈడ్చాం.

కూలర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎవరో చెప్పారని ఒకటి కొన్నాను. కూలర్ పొడి వేడికి పనిచేస్తుంది. మన దగ్గర గాలిలోనే సముద్రం ఉంటుంది, దానికి ఇంకాస్త నీరు కలిపితే కుందేలుకూ ఉపశమనం లేదు, మనకూ లేదు. పనిచేసినవి మూడే: ఫ్యాను, కడప బండ, నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టిన సీసా. గుమ్మడి ఆ సీసాను ఆనుకుని పడుకుంటుంది, కరిగిపోయాక ముక్కుతో పక్కకు నెట్టేస్తుంది.

నా ఆలోచన మారింది మాత్రం గులాబ్ తుపాను రోజున. 2021 సెప్టెంబరు 26, ఆదివారం రాత్రి కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. మధ్యాహ్నం నుంచే గాలి మొదలైంది. చెక్క ఇంటిని లోపలికి తేవాలంటే నలుగురు మనుషులు కావాలి, గుమ్మం చాలదు కూడా. కుందేలును మాత్రం ఎత్తుకొచ్చి సామాన్ల గదిలో వదిలాం. పదడుగుల గది, పాత చాపలు పరిచి ఉన్నాయి. కరెంటు లేదు, బయట హోరు. బెదిరి మూలకు దాక్కుంటుందనుకుని టార్చి వేసి చూస్తే, ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు! గాలిలో ఎగిరి నడుము మెలితిప్పి దిగుతోంది. తొమ్మిది నెలలుగా మా దగ్గర ఉన్న కుందేలు, అలా ఎగరగలదని మాకు తెలియదు. మూడు రోజులు ఆ గదిలోనే ఉంది. మూడో రోజు పక్కకు వాలి కాళ్లు బారజాపి నిద్రపోయింది. తిరిగి చెక్క ఇంటి దగ్గరికి తీసుకెళితే గుమ్మం పట్టుకుని రానని మొరాయించింది. చిన్న తలుపులోంచి లోపలికి తోయాల్సి వచ్చింది. అలా తోయడం, లాగడం ప్రమాదం. పెనుగులాటలో వెనక కాళ్లు గట్టిగా తన్నితే తన వెన్నెముక తనే విరుచుకోగలదు.

అప్పుడైనా మార్చవలసింది, మార్చలేదు. తొమ్మిదిన్నర వేలు పెట్టాను కదా అన్న మమకారం. జనవరిలో ఒక అర్ధరాత్రి వీధికుక్క గోడ దూకి వచ్చి, ముందువైపు కొట్టిన కోళ్ల వలను పళ్లతో చింపింది. ఆ షట్కోణాల వల కోళ్లు బయటికి పోకుండా ఆపుతుందేమో గానీ, కుక్కను లోపలికి రాకుండా ఆపదు. మేము లైటు వేసేసరికి పారిపోయింది. గుమ్మడికి గాయమేమీ లేదు. కానీ మర్నాడంతా ఏమీ తినలేదు, పెంటిక వేయలేదు. కుందేలు పూటంతా తినకపోతే పేగులు నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఆ ఒక్క రోజు ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాం.

ఇప్పుడున్నదానికి వస్తాను. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పున్న ఎనిమిది ప్యానెళ్లు, రూ.4,400. రెండు గోడల మూలలో ఒకవైపు పది అడుగులు, మరోవైపు ఆరు అడుగులు వస్తుంది. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ వాళ్లు జత కుందేళ్లకు చెప్పే కొలత 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు. దాదాపు అక్కడికి చేరాం. నా లెక్క ఇంకా మోటుగా ఉంటుంది. మీ కుందేలు వరుసగా మూడు గంతులు వేయాలి, వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు పైకప్పుకు తగలకూడదు. మూడు గంతుల చోటు కొలిచాక మార్కెట్‌లో దొరికే బోన్లలో ఎన్ని మిగులుతాయో మీరే చూడండి.

వరండాకు ముందే ఇనుప గ్రిల్ ఉంది. దానికి కింది నుంచి నాలుగడుగుల దాకా అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ కొట్టించాను, కూలితో కలిపి రూ.2,300. ఎలుక, పెద్ద పాము, ముంగిస ఆ కన్నాల్లోంచి దూరలేవు. ఒక్క మాట, ఈ మెష్ కుందేలు నోటికి అందకూడదు. దాని మీది జింకు పూత కొరికి మింగితే విషం. అందుకే మెష్ గ్రిల్‌కు బయటివైపు, కంచె లోపలివైపు, మధ్యలో జానెడు ఎడం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది నేల. నున్నటి పలకల మీద బొచ్చు పాదాలు జారతాయి. మొదట గోనెసంచులు పరిచాను. గోగు పండే జిల్లా, సంచులకు కొరత లేదు. కానీ పీచు లాగి మింగడం మొదలుపెట్టింది. పొడవాటి పీచు పేగుల్లో చిక్కుకుంటుందని తీసేశాను. దుప్పట్లు వేస్తే వాటి మీదే తడిపింది. చివరికి కుదిరింది ఈతాకు చాప. జారదు, కాలికి తీగలా గుచ్చుకోదు, కొరికినా ఆకే. నెలన్నరకొకటి చొప్పున అంచులన్నీ ఆరగించేస్తుంది, ఒక్కోటి రూ.150. చాపను ఇంటి ఖర్చులో కాకుండా మేత ఖర్చులో రాస్తున్నాం. ఒక మూల కడప బండ మాత్రం చాప లేకుండా వదిలాను, ఎండాకాలం దాని పడక అదే. మడమల మీద బొచ్చు నాలుగు నెలల్లో తిరిగి వచ్చింది.

మలమూత్రాలకు పిల్లుల తొట్టె కొనకండి, ఐదు కిలోల కుందేలు అందులో పట్టదు. తాపీ మేస్త్రీలు సిమెంటు కలుపుకునే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టెకు ఒకవైపు అంచు కోసి, పాత పేపర్లు, పైన వరిగడ్డి వేశాను. దాని పైనే గోడకు గరిక మోపు వేలాడదీశాను. కుందేలు తింటూనే విసర్జిస్తుంది, కాబట్టి మేత ఎక్కడ ఉంటే మరుగుదొడ్డి అక్కడే ఉంటుంది. ఈ ఒక్క కిటుకు తెలియక మూడు ఇళ్లు కడిగాను. దాక్కోవడానికి ఫ్రిజ్ అట్టపెట్టె, రెండు ద్వారాలతో. ఒక్క ద్వారమే ఉంటే దానికి అది ఇల్లు కాదు, ఉచ్చు. దీపావళి రాత్రి మాత్రం అట్టపెట్టెతో సహా సామాన్ల గదిలోకి మారుస్తాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కంచెకు బరువు లేదు, గుమ్మడికి ఉంది. ముక్కుతో నెట్టి ఒకరోజు మొత్తం కంచెను రెండడుగులు జరిపింది. గోడలకు కొక్కేలు దిగ్గొట్టి బిగించాక ఆగింది. తెల్లవారుజామున నాలుగింటికి కడ్డీలు కొరుకుతూ చేసే చప్పుడుకు ఇంటిల్లిపాదీ లేస్తాం. కింది కడ్డీలకు రంగు పోయి తుప్పు పట్టింది, రెండు ప్యానెళ్లు మార్చాను. పిల్లలు వరండాలో ఫోను ఛార్జర్ మరిచిపోతే దాని ఆయుష్షు పది నిమిషాలు. ఊయల బల్ల తీసేయాల్సి వచ్చిందని మా ఆవిడకు ఇప్పటికీ కోపమే. ఇక అసలు లోపం కంచెది కాదు, నాది. కుందేళ్లు జంటగా ఉండాల్సినవి, మా దగ్గర ఒక్కటే ఉంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఆన్‌లైన్ జోలికి పోను. ఇవే కొలతలు చెప్పి వెల్డింగ్ షాపులో లావు కడ్డీతో చేయిస్తాను. అడుగుకు మూడంగుళాల పట్టీ వేయించి, తలుపు నేలకు ఆనేలా పెట్టిస్తాను, అదే నడిచి వెళ్లి అదే నడిచి వచ్చేలా. చెక్క ఇల్లు పక్కింటి మామ్మగారు కోళ్లకు తీసుకున్నారు. పై అంతస్తు వాటికి బాగా నచ్చిందట.