క్వాంతో చి వువోలే? ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి

ఇటలీ వెళ్లేముందు ఒక్క ప్రశ్న మాత్రం నోటికి బాగా పట్టించాను: "క్వాంతో చి వువోలే?" ఎంతసేపు పడుతుంది అని. వాళ్ల మాటలూ మనవాటిలాగే చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి అడగడం కష్టం కాదు. తంటా అంతా జవాబుతోనే. ప్రశ్న చక్కగా పలికితే మనకి భాష వచ్చనుకుని గడగడా చెప్పేస్తారు.

ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి రైలూ ఉంది, బస్సూ ఉంది. మా ఆవిడ ఓటు రైలుకే. బస్సు టికెట్లు సిగరెట్లమ్మే కొట్లో కూడా దొరుకుతాయి, అక్కడే అడిగాను. రైలుకి "ఉనోరా ఎ మెద్జా", గంటన్నర. "రాపిదా" అనే వేగంగా వెళ్లే బస్సుకి "ఉనోరా ఎ ఉన్ క్వార్తో", గంటంపావు. నాకు సగమే అర్థమై "పువో స్క్రీవెరే?" అన్నాను, రాసిస్తారా అని. కొట్టతను కాగితం మీద రాసిచ్చాడు. మొత్తం ప్రయాణంలో నాకు ఎక్కువ పనికొచ్చిన మాట ఈ "పువో స్క్రీవెరే".

అసలు తేడా ఆ పావుగంట కాదు. సియెనా కొండ మీది ఊరు, రైల్వే స్టేషన్ కింద ఉంటుంది. దిగాక ఎస్కలేటర్లెక్కి మళ్లీ నడవాలి. బస్సు పాత ఊరి అంచునే దింపుతుంది, అక్కణ్ణుంచి ఊరి నడిమధ్య ఉన్న కాంపో మైదానానికి పది నిమిషాల నడక. అందుకని నా ఓటు బస్సుకే. ఊరూరా ఆగే బస్సు కూడా ఉంది, ఎక్కేముందు "రాపిదా?" అని అడగండి. రైలెక్కితే మాత్రం కాగితం టికెట్‌కి ప్లాట్‌ఫామ్ దగ్గరి మెషీన్‌లో ముద్ర కొట్టించుకోవాలి, లేకపోతే ఫైన్.

బస గురించి. "చింక్వే మినూతి ఆ ప్యేది" అని ఇంటావిడ మెసేజ్, అంటే నడిస్తే ఐదు నిమిషాలు. మనవాళ్లు "ఇక్కడే అండీ" అన్నట్టే! రాళ్ల వీధిలో సూట్‌కేసు లాక్కుంటూ ఎక్కేసరికి ఇరవై నిమిషాలు. పైగా మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి పెంకుటిళ్ల కప్పులు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. టూరిస్ట్ పన్ను మాత్రం విడిగా, నగదుగా తీసుకున్నారు. ఒక్క బ్యాగుతో వెళ్లేవాళ్లకి సరే, పెద్దవాళ్లతో వద్దు.

ఇంటావిడే నా ఇటాలియన్ దిద్దింది. ఫలానా బస్సుకి ఎంతసేపని అడిగితే "క్వాంతో చి మెత్తే?" అనాలట. జవాబు ఒక గంటైతే "చి వువోలే", రెండైతే "చి వోల్యోనో". కేథడ్రల్ చూడ్డానికి "ఉనోరెత్తా" చాలంది, అంటే మన "ఓ గంట". చలువరాతి బొమ్మల నేల చాలాభాగం కప్పే ఉన్నా మాకు రెండున్నర గంటలు పట్టింది.

తిరుగు బస్సు ఫ్లోరెన్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. గంటంపావు కాస్తా రెండు గంటలైంది. "రైలైతే ఈపాటికి దిగిపోయేవాళ్లం" అంది మా ఆవిడ.