వండిపెట్టే ఇళ్ల వెంట: ఎమీలియాలో మా ప్రయాణం

ఇటలీ వెళ్లే మనవాళ్లు చాలామంది రోము, ఫ్లోరెన్స్, వెనిస్ చూసి తిరిగి వచ్చేస్తారు. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ వెళ్లే రైలు దారిలో బొలోన్యాలో ఆగుతుంది. నా మాట వింటే అక్కడ దిగిపోండి. బొలోన్యా, మోదెనా, రెజ్జో ఎమీలియా, పార్మా ఊళ్లన్నీ క్రీ.పూ. 187లో రోమన్లు వేసిన ఒకే దారి మీద వరుసగా ఉన్నాయి. ఆ దారి పేరే ఈ ప్రాంతానికి వచ్చింది: ఎమీలియా. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్యాసింజరు రైల్లో అరగంట ప్రయాణం. కాగితం టికెట్టు కొంటే ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకుని ఎక్కాలి, లేకపోతే జరిమానా కట్టాలి.

ఇక్కడ గదికీ, పేరుమోసిన రెస్టారెంట్లకూ పెట్టే ఖర్చు తగ్గించుకుని, ఆ డబ్బుతో ఒక వంటింట్లో కూర్చునే వీలు చూసుకోండి. అమ్మ, తమ్ముడు, నేను కలిసి వెళ్లాం. అమ్మ మాంసం ముట్టదు, గుడ్డు తింటుంది. వెళ్లిన ప్రతిచోటా నేను ముఖ్యంగా ఒక విషయం చూశాను: వండినవాళ్లు మన పక్కన కూర్చుని తింటున్నారా? తింటున్న చోట వంట, మర్యాద, ధర అన్నీ సరిగ్గానే కుదిరాయి. 2025 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన యునెస్కో సమావేశం ఇటలీ వంటను మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన దీపావళికి గుర్తింపు వచ్చిందీ అదే సమావేశంలో. ఇటలీకి ఆ గౌరవం పిజ్జాకో పాస్తాకో రాలేదు. కలిసి వండుకోవడం, కలిసి కూర్చుని తినడం అనే అలవాటుకు వచ్చింది. ఎమీలియాలో తిరిగాక అది ఎంత న్యాయమైన నిర్ణయమో నాకు బాగా తెలిసింది.

బొలోన్యాలో మొదట రైల్వే స్టేషను దగ్గర హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది, ఫిర్యాదు చేయడానికేమీ లేదు. అయినా పాత ఊరి లోపల వంటగది ఉన్న ఫ్లాటుకు మారాకే మాకు ఊరు అందింది. అక్కడ లిఫ్టు లేదు, పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు ఏ అంతస్తో ముందే అడగండి. రెండు చోట్లా రాత్రికి మనిషికి ఇంతని పర్యాటక పన్ను విడిగా కట్టించుకున్నారు. బుకింగులో చూపించిన ధరలో అది కలవలేదు. ఈ ఊళ్లో వాన పడినా గొడుగు అక్కరలేదు: వీధుల పక్కన స్తంభాల మీద నిలిచిన వసారాలు అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు. వాటి కింద నడుస్తూ సంత దాకా వెళ్లి రావచ్చు.

సంతలు రెండు. పెద్ద చౌకు పక్కనున్న క్వాద్రిలాతెరో సందులు ఫొటోల్లో కనిపించేవి: వేలాడే పంది తొడలు, పేర్చిన చీజు చక్రాలు, నిలబడి తినే జనం. చూడాల్సిందే గానీ అక్కడ కొంటే ధర ఎక్కువ. మెర్కాతో దెల్లె ఎర్బె 1910 నాటి కప్పు కింది మార్కెట్టు. కూరగాయలు అక్కడ కొన్నాం. అమ్మే ఆవిడ ఏ కూర ఏ పూటకు వండుతామో అడిగి, పండిన మేర చూసి ఏరి ఇచ్చింది. మనం చేయి పెట్టి ఏరుకోవడం అక్కడ మర్యాద కాదు.

ఇక అసలు సంగతి. బొలోన్యాలో పాస్తా వత్తే ఆడవాళ్లను స్ఫోలీనా అంటారు. ఇళ్లలోనే నేర్పి, వండి, భోజనం పెట్టేవాళ్లను వెతుక్కోవచ్చు. అలాంటి ఇళ్లను కలిపే చెజరీనె అనే సంస్థ 2004లో ఈ ఊళ్లోనే మొదలైంది. మేం వెళ్లిన ఇంటావిడకు డెబ్బై దాటాయి. తలుపు తీస్తూనే మా చేతులు కడిగించి, ముగ్గురికీ తలా ఒక ఏప్రాన్ ఇచ్చింది. వంటింట్లో సగం మేర ఒక చెక్క పలకే ఆక్రమించింది. వంద గ్రాముల మైదాకు ఒక గుడ్డు, అంతకు మించి ఏమీ లేదు. నీళ్లు లేవు, ఉప్పు లేదు, నూనె లేదు. పిండిని గుంటగా చేసి మధ్యలో గుడ్డు కొట్టి, అంచుల నుంచి కొంచెం కొంచెం లాగుతూ కలపాలి. తర్వాత మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో బాగా మర్దించాలి. పిండి మెత్తబడిందని మనం అనుకున్న చాలాసేపటికి గానీ ఆవిడ ఒప్పుకోలేదు. ముద్ద మీద గిన్నె బోర్లించి అరగంట పక్కన పెట్టింది. ఆ అరగంటలో కాఫీ ఇచ్చి, పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారి దగ్గర ఇదంతా ఎలా నేర్చుకుందో చెప్పింది. అత్తగారు రెండేళ్ల పాటు ఆవిడ వత్తిన పాస్తా రేకును పండగ పూట వడ్డించనివ్వలేదట.

వత్తే కర్ర దాదాపు చేయంత పొడుగు. రేకు పెద్దదయ్యే కొద్దీ దాన్ని కర్రకు చుట్టి, తిప్పి, మళ్లీ పరుస్తారు. చివరికి ఆవిడ రేకును రెండు చేతులతో ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టుకుంటే అవతలి ఇంటి గోడ కనిపించింది. యంత్రంతో ఎందుకు చేయరని తమ్ముడు అడిగాడు. యంత్రంలో రేకు నున్నగా వస్తుంది, చెక్క మీద వత్తితే కాస్త గరుకుగా ఉంటుంది, ఆ గరుకుకే కూర అంటుకుంటుందని చెప్పి, రేకు మీద తమ్ముడి వేలు పెట్టించి చూపించింది. దాన్ని మడతలు వేసి పట్టీలుగా కోస్తే తల్యాతెల్లె. ఉడికిన తల్యాతెల్లె వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బొలోన్యా వర్తక మండలిలో లిఖితపూర్వకంగా నమోదు చేయించి, బంగారంతో చేసిన పట్టీ ఒకటి అక్కడ భద్రపరిచారు. ఈ ఊరి మాంసపు కూరను ఈ పట్టీలతోనే తింటారు. లోకమంతా బొలోన్యా పేరుతో అమ్ముకునే స్పగెట్టి వంటకం ఈ ఇళ్లలో ఉండదు.

తోర్తెల్లీని అనే ముద్ద పెట్టిన చిన్న పాస్తా ఇంకా కష్టం. చిన్న చదరపు ముక్క మధ్యలో గోరంత ముద్ద పెట్టి, ముక్కోణంగా మడిచి, వేలికి చుట్టి కొనలు నొక్కాలి. లోపల పెట్టేది ఏమిటో కూడా 1974లో నమోదైంది: పంది మాంసం, ఉప్పులో ఊరిన పంది తొడ, మోర్తదెల్లా అనే పంది మాంసపు సాసేజి, పార్మిజానో చీజు, గుడ్డు, జాజికాయ. ఉడికించేది మాంసపు చారులో. అంటే శాకాహారికి ఇందులో దారి లేదు. ఆవిడ అమ్మను పక్కకు తీసుకెళ్లి రికోత్తా అనే మెత్తటి చీజు, పార్స్లీ ఆకు కలిపిన ముద్ద విడిగా ఇచ్చింది. దాంతో పెద్ద తోర్తెల్లోని చేయించి వెన్నలోనూ సేజ్ ఆకులోనూ వేసి పెట్టింది. పైన చీజు తురమబోయే ముందు ఆగి, పార్మిజానోలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది, మీకు అభ్యంతరమా అని అడిగింది. ఇటలీలో మేం తిన్న మరే చోటా ఎవరూ ఈ మాట చెప్పలేదు. మాంసం తినని మనవాళ్లు ఈ చీజు గురించి తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే దూడ రెన్నెట్ లేకుండా తీసిన చీజుకు ఆ పేరు పెట్టడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. అమ్మ చీజు వద్దంది. ఆవిడ కూడా తన పళ్లెంలో చీజు వేసుకోకుండా అమ్మ పక్కన కూర్చుని తింది.

క్రిస్మస్‌కు ముందు ఈ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ బల్ల చుట్టూ చేరి తోర్తెల్లీని మడుస్తారు. సంక్రాంతికి మన ఇళ్లలో అరిసెలు వండేటప్పుడు ఉండే సందడి అది: పాకం చూసేది ఒకరు, వత్తేది ఒకరు, పిల్లలకు చివర్లో మిగిలిన పని. మడిచినవి వందల లెక్కన పళ్లేల్లో ఆరబెట్టి, వేరు కాపురాలున్న కొడుకులకూ కూతుళ్లకూ పంచుతారు. ఆ ఇంటావిడ మాకు చూపించిన పళ్లెం కూడా కింది అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలాయన కోసం చేసినది.

ఆ ఇంట్లో నేర్చుకుని తిన్నదానికి అయిన ఖర్చు మంచి రెస్టారెంటు భోజనం కన్నా ఎక్కువే. అయినా మళ్లీ కడతాను. ఊరి నడిబొడ్డున ఒక చోట గుంపుగా నేర్పే తరగతికి కూడా వెళ్లాం, ధర అందులో సగం. అక్కడ ముద్దలు ముందే కలిపి పెట్టేశారు. మనం వత్తినది ఏ పళ్లెంలోకి వెళ్లిందో తెలియలేదు. నేర్పినాయన భోజనం వేళకు తర్వాతి గుంపును పిలవడానికి వెళ్లిపోయాడు. దాని జోలికి పోవద్దు. మామూలు భోజనశాలల్లో కుటుంబం నడిపే చిన్నవి నచ్చాయి. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు కోపెర్తో పేరుతో వేస్తారు. బ్రెడ్డుకూ బల్ల వేసినందుకూ తీసుకునే సొమ్ము అది, మోసం కాదు.

మోదెనాలో ఒక పగలు చాలు. ఆల్బినెల్లి మార్కెట్టు బాగుంది. అక్కడ తప్పక చూడవలసినది వెనిగరు అటక. వండిన ద్రాక్షరసాన్ని ఇంటి అటక మీద వరుసగా తగ్గే చెక్క పీపాల్లో పోసి, ఏటేటా పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి మారుస్తూ పోతారు. వేసవి వేడి, చలికాలపు చలి రెండూ దానికి కావాలి, అందుకే అటక. సంప్రదాయ బాల్సమిక్ అన్న పేరు రావాలంటే కనీసం 12 ఏళ్లు, మేలు రకానికి 25 ఏళ్లు. ఆడపిల్ల పుడితే ఒక పీపాల వరుస మొదలుపెట్టి పెళ్లికి ఇచ్చే ఆనవాయితీ ఉండేది. మేం చూసిన అటకలో ఒక వరుస మీద ఆ ఇంటి కూతురి పేరు చెక్కి ఉంది. చుక్క వేసి చెంచా నోట్లో పెట్టినప్పుడు, ఇది పోసినవాళ్లు తమ కోసం పోయలేదని అర్థమవుతుంది. చూడడానికి చాలా ఇళ్లు ముందు ఫోను చేస్తే రానిస్తాయి. కొనేటప్పుడు జాగ్రత్త: అసలుది 100 మిల్లీలీటర్ల ప్రత్యేకమైన సీసాలోనే వస్తుంది, ధర గట్టిగా ఉంటుంది. సూపర్‌మార్కెట్లో దొరికే పెద్ద సీసా వేరే సరుకు, సలాడ్‌కు బాగానే పనికొస్తుంది.

అదే ఊళ్లో తోర్తెల్లాంతె అనే చోట ఆటిజం ఉన్న యువతీయువకులకు అమ్మమ్మల వయసు ఆడవాళ్లు తోర్తెల్లీని మడవడం నేర్పుతారు. ప్రపంచ ప్రసిద్ధుడైన వంటవాడు మాస్సిమో బొత్తురా దానికి అండగా నిలిచాడు. ఆయన రెస్టారెంటులో బల్ల దొరకడానికి నెలల తరబడి ఎదురుచూస్తారు. నేనైతే మోదెనాలో ఆయన పుణ్యం అంతా ఈ చిన్న బల్ల దగ్గరే ఉందంటాను.

పల్లెలో బసకు అగ్రితూరిస్మో మంచిది. రైతు కుటుంబం అతిథులకు గది ఇచ్చి, తన పొలంలో పండినదానితో భోజనం పెట్టడానికి 1985లో ఇటలీ ప్రత్యేకంగా చట్టం చేసింది. రెజ్జో వైపు కొండల్లో మేం దిగిన ఇంట్లో ఏసీ లేదు, బస్సు లేదు, కారు అద్దెకు తీసుకోక తప్పలేదు. రాత్రి భోజనం ఒకే వేళకు, ఒకే వంట, అందరికీ ఒకే పొడుగాటి బల్ల. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటి కొడుకులూ మనవలూ వచ్చి మా మధ్యే కూర్చున్నారు. పొంగిన న్యోక్కో ఫ్రిత్తో చూడగానే మన పూరీ అనుకుంటాం గానీ దాన్ని పంది కొవ్వులో వేయిస్తారు. అమ్మకు అడగకుండానే బచ్చలి లాంటి ఆకు లోపల పెట్టి చేసిన పెద్ద పాస్తా, తోర్తెల్లి, వచ్చింది. దీనికి ముందు దిగిన ఇంకో పొలం ఇంట్లో మాత్రం పొద్దున ప్యాకెట్టు కేకు, రాత్రి ఫ్రీజరు పాస్తా పెట్టారు. బుక్ చేసే ముందు కూరగాయలూ పాలూ ఎక్కడివని అడగండి. నిజంగా పండించేవాళ్లు ఒక పేరా నిండా జవాబు రాస్తారు.

పొద్దున్నే పార్మిజానో చీజు తయారీ చూడాలంటే ఎనిమిదికల్లా తయారుచేసే చోట ఉండాలి. రాత్రి పాల మీగడ తీసి, పొద్దుటి పాలు కలిపి రాగి కాగుల్లో పోస్తారు. ఒక్కో కాగులో రెండు చక్రాలు తయారవుతాయి. ఒక చక్రానికి 550 లీటర్ల పాలు కావాలి, బరువు 40 కిలోల దాకా తూగుతుంది, కనీసం ఏడాది పాటు బల్లల మీద ముదురుతుంది. ఆవులకు సెలవు లేదు కాబట్టి క్రిస్మస్ నాడూ పని ఆగదు. మేం చూసిన చోట కాగు దగ్గర నిలబడినవారిలో ఇద్దరు తలపాగా కట్టిన పంజాబీలు. మమ్మల్ని చూసి హిందీలో పలకరించారు. ఈ మైదానంలో పాడి పశువుల పని చాలావరకు సిక్కు కుటుంబాల చేతుల మీదుగా నడుస్తోంది.

వాళ్లే నొవెల్లారా గురుద్వారాకు వెళ్లమన్నారు. రెజ్జో నుంచి గ్వాస్తాల్లా వైపు వెళ్లే చిన్న రైలు అక్కడ ఆగుతుంది. 2000లో ఆ గురుద్వారాను అప్పటి యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు రొమానో ప్రోదీ ప్రారంభించారు. ఆదివారం లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో, పప్పు, రొట్టె, పాయసం పెట్టారు, ఎవరినీ ఏమీ అడగలేదు. అమ్మ రొట్టెలు వత్తేవాళ్ల మధ్య కూర్చుని చాలాసేపు లేవలేదు. పక్కన వత్తుతున్న ఇద్దరు ఇటాలియన్ ఆడవాళ్లు ఆ ఊరివాళ్లే, ఆదివారాలు వస్తుంటారట. ఇటలీ అంతటా అమ్మకు ఏ ప్రశ్నా లేకుండా కడుపు నిండిన భోజనం ఇది.

వెళ్లే కాలం గురించి. ఆగస్టు 15 చుట్టుపక్కల ఇంటి వంటలు నేర్పేవాళ్లు సముద్రం వైపు సెలవులకు పోతారు, చిన్న భోజనశాలలు మూసేస్తారు. వేడి కూడా భరించలేం. తోర్తెల్లీని మడిచే బల్ల దగ్గర చోటు కావాలంటే డిసెంబరు మొదట్లో వెళ్లండి, ఇంటివాళ్లకు రెండు నెలల ముందే రాయండి. శాకాహారులు రాసేటప్పుడు మాంసం తినమని మాత్రమే చెప్తే చాలదు. చారు, పంది కొవ్వు, రెన్నెట్ మూడూ విడివిడిగా రాయండి. మేం రాసినప్పుడు ఆ ఇంటావిడ మూడింటికీ మూడు జవాబులు పంపింది, చివర మీ అమ్మగారికి ఇష్టమైనవి ఏమిటని అడిగింది.