బండి వెనక బిగించే రైఫిల్ స్టాండు: నాలుగు వానాకాలాలు వాడాక

నేను సాధన చేసే రేంజిలో నీడకు రేకుల షెడ్డు ఉంది, పడుకుని కాల్చడానికి గచ్చు ఉంది, లక్ష్యాల వెనక ఎత్తయిన మట్టి గట్టు ఉంది. రైఫిల్ తుడుచుకోవడానికి మాత్రం బల్ల లేదు. నేను ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. రేంజి నుంచి ఇల్లు చేరడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. కాల్చిన రైఫిల్‌ను అలాగే సంచిలో పెట్టి ఇంటికి తెచ్చి, రేపు తుడుద్దాంలే అని పడుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. మహేంద్రగిరి మీద నుంచి మబ్బు దిగే నెలల్లో అలా వాయిదా వేయకూడదు. ఒక ఆగస్టు ఉదయం సంచి తెరిస్తే, నా చెమట చేతివేళ్లు తగిలిన చోటల్లా బారెల్ మీద ఎర్రటి చుక్కలు లేచి ఉన్నాయి. ఆ వారమే, రేంజిలోనే రైఫిల్ తుడుచుకునేందుకు ఈ స్టాండు పని మొదలుపెట్టాను.

నాది పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే వెనక ఉండే బోల్టు అనే కడ్డీని చేత్తో లాగి తూటా పెట్టేది. 50 మీటర్ల పోటీలకు వాడేది. బండి డబుల్ క్యాబిన్ పికప్. వెల్డింగు పాతపట్నంలో చేయించాను. మా ఊరి పొలిమేర దాటితే పాతపట్నమే, కానీ అది ఆంధ్రప్రదేశ్. నా లైసెన్సు పరిధి ఒడిశా వరకే కాబట్టి రైఫిల్‌ను అటు తీసుకెళ్లకూడదు. తీసుకెళ్లవచ్చు అనుకున్నా, వెల్డింగు నిప్పురవ్వల మధ్య దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పదు. అందుకే రైఫిల్ పొడవు, ముందు చెక్క వెడల్పు, భుజానికి ఆనించే బట్ ఎత్తు కొలిచి వడ్రంగి చేత టేకుతో ఒక నమూనా చేయించాను. అదే మంచిదైంది. ఆ చెక్కను ఎన్నిసార్లు కింద పడేసుకున్నా మాకు దిగులు లేకపోయింది.

చాసిస్ వెనక అడ్డ దూలానికి ఒక చిన్న గూడు ఉంటుంది. అది 50 మిల్లీమీటర్ల చదరపు పైపు, 3 మిల్లీమీటర్ల మందం, జానెడు పొడవు. చాసిస్‌కు ఒక్క రంధ్రం కూడా వేయలేదు, రెండు యు-బోల్టులతో బిగించాం. ఆ గూట్లోకి 40 మిల్లీమీటర్ల పైపుతో చేసిన చేయి దూరుతుంది. చేయి చివర నిలువు కంబం, దాని మీద అడ్డంగా ఒక దూలం, దూలం రెండు కొసలా చెక్క పంగలు. రైఫిల్ ముందు చెక్క ఒక పంగలో, బట్ రెండో పంగలో కూర్చుంటాయి. మొత్తం బరువు 11 కిలోలు. ఇనుము, కూలి, రంగు కలిపి నాకు 3,800 రూపాయలయ్యాయి.

50 పైపుకు లోపలి కొలత 44 ఉంటుంది. అందులో 40 పైపు పెడితే 4 మిల్లీమీటర్ల వదులు. మొదట పక్క నుంచి ఒక బోల్టు పెట్టి బిగించాం. అటూ ఇటూ కదలడం ఆగింది, పైకీ కిందికీ కదలడం ఆగలేదు. వారం ఆలోచించి గూడు అంచు మూల మీద నట్టు వెల్డు చేయించాను. ఇప్పుడు బోల్టు మూల నుంచి ఏటవాలుగా నెడుతుంది, లోపలి పైపు వెళ్లి ఎదుటి మూలలో రెండు గోడలకూ ఆనుకుంటుంది. ఒక్క బోల్టుతో రెండు వైపుల వదులూ పోయింది. ఎవరైనా ఇలాంటిది చేయించుకుంటే ఈ ఒక్క విషయం మొదటి రోజే చెప్పి చేయించుకోండి.

ఇంత చేసినా మొదటి ఏడాది ఈ స్టాండు నన్ను చాలా బాధపెట్టింది. కారణం ఇనుము కాదు, బండి. ఖాళీ పికప్ కమాను కట్టల మీద నిలబడి ఉంటుంది. బారెల్ లోపల తుడిచే రాడ్డు నెట్టిన ప్రతిసారీ బండి వెనక భాగం సన్నగా ఊగేది. తొట్టిలో నీళ్ల క్యాను తీయడానికి ఒక కుర్రవాడు ఎక్కితే రైఫిల్ మూతి రెండు వేళ్ల మందం కిందికి దిగేది. రాడ్డు లోపల ఉండగా అలా దిగితే ఏమవుతుందో ఆలోచించండి. రాడ్డు వంగుతుంది, వంగిన చోట బారెల్ లోపలి మెలి చాళ్ల అంచులను రాసుకుంటుంది. మనం బాగు చేస్తున్నామనుకుంటూ బారెల్‌ను అరగదీస్తున్నట్టే. మరింత మందం పైపుతో మళ్లీ చేయమని వెల్డరుకు చెబితే, ఆయన బండి వెనక్కి వెళ్లి చేత్తో ఒకసారి నొక్కి చూశాడు. "బాబుగారూ, ఊగుతున్నది బండి కదా, పైపు లావయితే ఏం లాభం? నేలకు ఒక కాలు దించండి" అన్నాడు.

ఆ కాలే ఈ స్టాండును నిలబెట్టింది. కంబం అడుగున పొడవాటి మరల కడ్డీ, దాని చివర గుండ్రటి పలక. చేత్తో తిప్పితే పలక నేలను తాకుతుంది, తాకాక ఇంకొక్క చుట్టు తిప్పితే బరువు నేల మీదికి వస్తుంది. ఇప్పుడు తొట్టిలో ఎవరు ఎక్కినా దిగినా మూతి కదిలినట్టు కంటికి తెలియదు. వానలో పలక బురదలోకి దిగబడుతుంది, అందుకు ఒక చెక్క ముక్క వెంట ఉంచుకుంటాను. కాలు లేకుండా బండికి తగిలించే స్టాండు ఏదైనా సరే, కొనవద్దు, చేయించుకోవద్దు.

పంగలకు మొదట సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాను. మూడు నెలల్లో, మసిని కరిగించే సాల్వెంట్ చుక్కలు పడ్డ చోట రబ్బరు ఉబ్బి, జిగటగా మారి, రైఫిల్ చెక్కకు నల్లగా అంటుకుంది. తరువాత మందపాటి ఉన్ని బట్ట వేశాను. మెత్తగానే ఉంది కానీ ఎర్రమట్టి దుమ్మునంతా పట్టి ఉంచింది. దుమ్మంటే గరుకు కాగితమే. ఇప్పుడున్నది చెప్పులు కుట్టే ఆయన దగ్గర కొన్న తోలు. తడి గుడ్డతో తుడిస్తే చాలు, దుమ్ము పోతుంది. రెండున్నరేళ్లుగా అదే ఉంది.

వెనక పంగ ముందు పంగ కంటే మూడు సెంటీమీటర్లు ఎత్తు. మూతి కిందికి వాలి ఉంటే సాల్వెంట్, కరిగిన మసి మూతి వైపే కారుతాయి. లేకపోతే వెనక్కి వచ్చి ట్రిగ్గర్‌లోకి, చెక్కలోకి దిగుతాయి. మూతి దగ్గర ఒక కోసిన నీళ్ల సీసా వేలాడదీస్తాను, మురికి గుడ్డ పేలికలన్నీ అందులోనే పడతాయి. వాటిలో సీసం ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా తినుబండారాల పొట్లం ముట్టవద్దని పిల్లలకు ప్రతిసారీ చెబుతాను.

రాడ్డు ఎప్పుడూ రైఫిల్ బోల్టు తీసేసిన వెనక వైపు నుంచే వెళ్లాలి. బోల్టు స్థానంలో గైడు గొట్టం పెడితే రాడ్డు నడిమధ్యగా నడుస్తుంది. తూటా బారెల్‌ను వదిలేటప్పుడు ఆఖరున తాకేది మూతి అంచు. అక్కడ ఒక పక్క అరిగితే గురి చెదురుతుంది. స్టాండు లేని రోజుల్లో రైఫిల్‌ను మోకాళ్ల మధ్య పట్టుకుని, పైనుంచి మూతిలోకి రాడ్డు దించిన పాపం నాది కూడా. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ కాబట్టి ఆ అవసరం రాదు. రాడ్డు పొడవుకు, నా మోచేతికి వెనక చోటుండాలి కదా, అందుకే రైఫిల్ బండికి అడ్డంగా పడుకునేలా దూలం పెట్టించాను.

ఆ దూలం మొదట కదిలేది కాదు. మా రేంజి అధికారి సైన్యంలో సుబేదారుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. "బండి ఎటు నిలిపినా సరే, మూతి గట్టు వైపే ఉండాలి" అని మొదటి రోజే చెప్పారు. బండి నిలిపే చోటు మన చేతుల్లో ఉండదు. కంబాన్ని గుండ్రటి పైపులోకి మార్చి, ఎనిమిది దిక్కులకు ఎనిమిది రంధ్రాలు వేయించి, పిన్నుతో నిలిపేలా చేశాను. రైఫిల్ బోల్టు తీసి విడిగా పెడతాను, తూటా కూర్చునే చాంబర్‌ను కంటితో, వేలితో చూస్తాను, ఆయనకు చూపిస్తాను, ఆ తరువాతే రైఫిల్ స్టాండు ఎక్కుతుంది. ఎవరైనా లక్ష్యాల దగ్గరకు నడిచి వెళ్తే స్టాండు మీదున్న రైఫిల్‌ను కూడా ముట్టం. ఈ నియమం నాకు చాలా ఇష్టం.

ఒక తప్పు చెప్పాలి. స్టాండు సుఖానికి అలవాటుపడి, మొదటి ఏడాది కాల్చిన ప్రతి రోజూ బారెల్ లోపల మెరిసేదాకా తోమాను. మరుసటి వారం మొదటి పది తూటాలు ఎక్కడికి పోతున్నాయో అర్థమయ్యేది కాదు. పాయింట్ టూటూ తూటా సీసానికి పైన మైనం వంటి పూత ఉంటుంది, అది బారెల్ లోపల సన్నని పొరగా పరుచుకున్నాకే గురి నిలకడ అవుతుంది. నేను వారం వారం ఆ పొరను తీసేస్తూ వచ్చాను. ఇప్పుడు బోల్టు మొహం, చాంబర్, బయటి ఇనుము మాత్రం ప్రతిసారీ తుడుస్తాను. బారెల్ లోపల 300 తూటాలకు ఒకసారి: రెండు తడి పేలికలు, పది నిమిషాల ఆగుడు, చాంబర్ ముందు గట్టిపడే మసి కోసం కంచు బ్రష్షు నాలుగైదు సార్లు, తరువాత పొడి పేలికలు, ఆఖరున నూనె తడి తగిలీ తగలనట్టు ఒకటి. వాన నెలల్లో మాత్రం ఈ లెక్క పక్కన పెట్టి, ప్రతిసారీ నూనె పేలిక నడిపి, కాల్చే ముందు పొడి పేలికతో తీసేస్తాను. మా కుర్రవాళ్ల 10 మీటర్ల ఎయిర్ రైఫిళ్లకు సాల్వెంటూ లేదు, బ్రష్షూ లేదు. తూటా బదులు ఉన్ని బిళ్లలు పెట్టి పేల్చితే సరిపోతుంది.

రోడ్డు మీద చేయి, కంబం విప్పి గోనె సంచిలో చుట్టి తొట్టిలో పడుకోబెడతాను. గూడు బంపరు గీత దాటి బయటికి రాదు. 2017 డిసెంబరులో కేంద్రం బండ్ల ముందు బిగించే క్రాష్ గార్డుల మీద ఆంక్ష పెట్టాక, బండికి ఏది తగిలించాలన్నా నేను జాగ్రత్తగానే ఉన్నాను. ఫిట్‌నెస్ తనిఖీకి వెళ్లే ముందు యు-బోల్టులు కూడా విప్పేస్తాను, పావుగంట పని. గూట్లో బురద చేరి బోల్టు పట్టేయడం ఇప్పటికీ ఉంది. గ్రీజు రాసి, నోటికి ప్లాస్టిక్ మూత పెట్టినా ఏడాదికోసారి సుత్తి దెబ్బ తప్పడం లేదు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మూడు భంగిమల్లో కాల్చే పోటీ) కాంస్యం గెలిచాక మా రేంజికి కొత్త పిల్లలు వచ్చారు. వాళ్లూ ఈ స్టాండు దగ్గరికే వస్తారు. నా మోచేతి ఎత్తు వాళ్లకు భుజం ఎత్తు, పీట వేసుకుని నిలబడి రాడ్డు నెడుతున్నారు. పీట మీద నిలబడ్డవాడి చేయి నిలకడగా ఉండదు. దసరా వెళ్లాక కంబాన్ని రెండు ముక్కలు చేసి, ఎత్తు తగ్గించేందుకు మరో మూడు రంధ్రాలు వేయించబోతున్నాను. టేకు నమూనా అటక మీద అలాగే ఉంది, మళ్లీ పాతపట్నం తీసుకెళ్లాలి.