మోకాలి చిప్ప కింద నొప్పికి ఎమ్మారై మేలా, అల్ట్రాసౌండ్ మేలా?

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లలు ఫిజియోథెరపీకి వచ్చి కూర్చోగానే అడిగేది ఇదే. రోజూ 1600 మీటర్ల పరుగు, ఆపైన లాంగ్ జంప్. మోకాలి చిప్ప కింద టెండన్ (చిప్పను కింది కాలి ఎముకకు కలిపే గట్టి పట్టీ) నొప్పి పట్టిందంటే ఆశ్చర్యం లేదు. నన్నడిగితే ఆ రెండింటికంటే ముందు చెయ్యి పెట్టి చూడాలంటాను.

కాలు చాపి వదులుగా పెట్టమంటాను. చిప్ప పై అంచును నొక్కితే కింది కొస కాస్త పైకి లేస్తుంది. అక్కడ బొటనవేలు పెట్టి నొక్కగానే "అబ్బా, అక్కడే మేడమ్" అంటారు. అదొక్కటే చాలదు, నొప్పి లేనివాళ్లకూ అక్కడ నొక్కితే కొంచెం బాధ ఉండొచ్చు. అందుకే ఏటవాలు చెక్క మీద మడమ ఎత్తులో ఉండేలా నిలబెట్టి, ఒంటికాలి మీద మెల్లగా కిందికి వంగమంటాను. వంగేకొద్దీ సరిగ్గా అదే చోట నొప్పి పెరిగితే టెండనే అని నా అనుమానం. ఎక్కడ నొప్పి అంటే వేలితో చూపించకుండా అరచేత్తో చిప్ప చుట్టూ రుద్దుతుంటే మాత్రం వేరే కారణం వెతుకుతాను.

మొన్న ఒకబ్బాయి రెండు మోకాళ్లకూ స్కాన్ తీయించుకుని వచ్చాడు. రిపోర్టులో రెండు టెండన్లలోనూ మార్పులున్నాయి, నొప్పి మాత్రం కుడికాలికే. ఆ కాగితం చూసి ఇంక పరిగెత్తలేనేమో అని బెంగపెట్టుకున్నాడు పాపం. నొప్పే లేని ఆటగాళ్లలోనూ స్కాన్‌లో ఇలాంటివి కనిపిస్తాయి. పైగా నెలల తరబడి ఉన్న నొప్పిలో వాపు కంటే టెండన్ పోగులు చెదిరిపోవడమే ఎక్కువ. అందుకే టెండన్ వాపు అని అర్థమొచ్చే టెండినైటిస్ అనే పేరు బదులు ఇప్పుడు టెండినోపతి, అంటే టెండన్ జబ్బు, అంటున్నారు. మాత్రలతో నొప్పి తగ్గినా, తొడ కండరాలకు కొద్దికొద్దిగా బరువు అలవాటు చేస్తేగాని కాలు మళ్లీ పరుగుకు నిలవదు.

అయినా స్కాన్ కావాలంటే నా ఓటు అల్ట్రాసౌండ్‌కే. ఖర్చు తక్కువ, నొప్పి ఉన్నచోటే ప్రోబ్ (చర్మానికి ఆనించే స్కాన్ పరికరం) పెట్టి రెండు కాళ్లూ పోల్చొచ్చు, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌లో కొత్త రక్తనాళాలూ తెలుస్తాయి. కాకపోతే చేసేవాళ్ల చెయ్యి తిరిగి ఉండాలి. మోకాలు లోపల పట్టేస్తున్నా, నీరు చేరినా ఎమ్మారై వైపు వెళ్లాలి. ఎక్స్‌రే ఎముకల కోసం, అంతే.

దూకినప్పుడు టప్‌మని శబ్దం వచ్చి, ఆ తర్వాత కాలు చాపి పైకి లేపలేకపోతే వీటిలో ఏదని ఆలోచిస్తూ కూర్చోవద్దు. టెండన్ తెగి ఉండొచ్చు, ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.