పాత పొలుసులా, ఫార్మలిన్ సీసాలా?

చేపల జన్యుచరిత్ర వెతికేవారికి పాత నమూనాలు ఎక్కువగా ఈ రెండు రూపాల్లో దొరుకుతాయి. ఫార్మలిన్ అనే, కుళ్లకుండా కాపాడే రసాయన ద్రవం నింపిన సీసాలో చేప చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అది పైకి మాత్రమే! ఫార్మలిన్ డీఎన్ఏను ప్రోటీన్లతో ముడివేసి, తునకలు చేస్తుంది. చేప వయసు లెక్కించడానికి కాగితపు కవర్లలో దాచిన పొలుసులు చూడటానికి చెత్తలా ఉంటాయి; వాటికంటుకుని ఎండిన చర్మపు పొర, జిగురే అసలు నిధి. న్యూజీలాండ్‌లోని టాస్మన్ బేలో 1950 నుంచి దాచిన స్నాపర్ అనే సముద్రపు చేప పొలుసులను పరీక్షిస్తే, వేట సాగిన దశాబ్దాల్లో జన్యు వైవిధ్యం తగ్గినట్టు తేలింది. నేటి చేపలనే చూస్తే ఆ తరుగుదల తెలిసేది కాదు. ఒకే కత్తితో గీకిన పొలుసుల్లో పక్క చేప డీఎన్ఏ కలిసే ప్రమాదముంది. అయినా నా ఓటు కవరుకే. సీసా ఒక్కటే మిగిలినప్పుడు, పొట్టి తునకలను చదివే పద్ధతులే దిక్కు.