లుమజీన్ సింథేజా, రైబోఫ్లేవిన్ సింథేజా: సెమినార్‌కు ఏది మేలు?

సెమినార్లు దగ్గరపడగానే నల్లగొండ, పాలమూరు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పిల్లలు అడిగేది ఒకటే: "సార్, బ్యాక్టీరియాలో బి2 విటమిన్ తయారుచేసే ఎంజైముల్లో ఏది తీసుకోమంటారు?" చివరి రెండు మెట్లలో పనిచేసేవి లుమజీన్ సింథేజ్, రైబోఫ్లేవిన్ సింథేజ్: మొదటిది లుమజీన్ అనే అణువును తయారుచేస్తుంది, రెండోది దాన్నుంచి రైబోఫ్లేవిన్, అంటే బి2, తయారుచేస్తుంది. ఈ రెంటి మధ్యే అందరూ ఊగిసలాడుతుంటారు.

చూడ్డానికి లుమజీన్ సింథేజ్‌దే పైచేయి. బాసిల్లస్ సబ్‌టిలిస్‌లో 60 సబ్‌యూనిట్లు (ఒకే రకం ప్రోటీన్ ముక్కలు) కలిసి వైరస్ కవచం లాంటి గుల్ల కడతాయి. దాని లోపల రైబోఫ్లేవిన్ సింథేజ్ ఉంటుంది. అక్విఫెక్స్ అనే వేడినీటి బ్యాక్టీరియా గుల్లను హెచ్ఐవి టీకా ప్రయోగాల్లో మనుషులకూ ఇచ్చారు. స్లైడు వేస్తే క్లాసంతా తలెత్తి చూస్తుంది. కానీ ఈస్ట్‌లో ఇదే ఎంజైము ఐదు సబ్‌యూనిట్లతోనే పని నడిపిస్తుంది. చర్య జరిగే చోటు, అంటే యాక్టివ్ సైట్, పక్కపక్క సబ్‌యూనిట్ల మధ్యన ఉంటుంది కాబట్టి ఐదు చాలు. మరి 60 ఎందుకు? లోపలి ఎంజైముకు సరుకు దగ్గరలోనే అందుతుందని ఒక వివరణ ఉంది. అయినా రసాయన చర్యకు మాత్రం ఆ గుల్ల అవసరం లేదు.

నేను రైబోఫ్లేవిన్ సింథేజ్ తీసుకోమంటాను. నిర్మాణం చూస్తే పని అర్థం కావాలన్నది నా లెక్క, అది ఇక్కడే కుదురుతుంది. ఈ ఎంజైము తీసుకునేవి రెండూ లుమజీన్ అణువులే. ఒకటి నాలుగు కార్బన్ల ముక్క ఇస్తుంది, రెండోది అందుకుని రైబోఫ్లేవిన్ అవుతుంది. ఇచ్చిన అణువులో మిగిలిన భాగం వృథా కాదు, లుమజీన్ సింథేజ్‌కు మళ్లీ ముడిసరుకవుతుంది. ఎంజైము ప్రోటీన్ గొలుసులో కూడా ఒకే పోలికతో రెండు బీటా బ్యారెళ్లు (పీపా ఆకారపు మడతలు) ఉంటాయి, ఒక్కోటి ఒక్కో లుమజీన్‌ను పట్టుకుంటుంది. అయితే ఒకే గొలుసులోని రెండూ జతకట్టవు. ఒక గొలుసు మొదటి బ్యారెల్‌కు పక్క గొలుసు రెండో బ్యారెల్ ఎదురు రావాలి. 2001లో వెలువడిన ఈ.కోలై బ్యాక్టీరియా ఎంజైము నిర్మాణంలో మూడు గొలుసులు సమంగా అమరి లేవు. ఒకసారికి ఒక్కచోటే ఆ జత కుదిరేలా ఉంది. ఎంత అందమైన ఏర్పాటో!

వైవా టెన్షన్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. లుమజీన్ ద్రావణాన్ని మరిగిస్తే ఎంజైము లేకుండానే రైబోఫ్లేవిన్ వస్తుంది. "మరి ఎంజైము చేసేదేంటి?" అని ఎక్స్‌టర్నల్ అడిగితే పై నిర్మాణంలోనే జవాబుంది: రెండు అణువులనూ సరైన దిశలో ఎదురెదురుగా పట్టి ఉంచి, మరిగించే పని లేకుండా చర్యను వేగంగా జరిపించడం.

మందుల కోణంలో రెండూ సమానమే. మన శరీరం బి2 తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. అంటే ఈ ఎంజైములు మనలో లేవు, వాటిని అడ్డుకునే మందు దెబ్బతీసేది బ్యాక్టీరియానే. కాబట్టి రెండూ మంచి టార్గెట్లే. మొదటి మెట్టులోని జీటీపీ సైక్లోహైడ్రోలేజ్-2 సంగతి కూడా కొందరు అడుగుతారు. అది జింక్‌తో పనిచేస్తుంది, దానికి ఒక స్లైడు చాలు.

రైబోఫ్లేవిన్ సింథేజ్ ఎంచుకుంటే మూడు గొలుసులకూ వేర్వేరు రంగులు వేసి, ఆ బ్యారెళ్ల జతను ముందు చూపించండి. రియాక్షన్ ఆ తర్వాతి స్లైడులో పెట్టండి.